మాట్లాడాలి

"మాటలు తర్వాత వస్తాయి. ముందు పెట్టెలు సర్దెయ్యి స్క్రీనమ్మా," అన్నాడు ఆఫీసు యజమాని, తన టీ గ్లాసు ఆమె బల్ల మీదే మరచిపోయి వెళ్ళిపోతూ.

ఇంట్లో ఆమె చిన్నకోడలు. ఆఫీసులో స్క్రీనమ్మ. టైర్ల దుకాణం పైనున్న ఆ రెండు గదుల ఆఫీసులో ఫోన్ యాప్‌లకు స్క్రీన్‌లు అమర్చడం ఆమె పని. కంప్యూటర్లో ఎడమవైపు బటన్లు, బొమ్మలు, అక్షరాల పెట్టెలు వరసగా ఉంటాయి. మధ్యలో ఖాళీ ఫోను ఒకటి గీసి ఉంటుంది. కావలసినదాన్ని మౌస్‌తో పట్టుకుని ఫోను మీదికి లాగి వదిలితే అది అక్కడ కూర్చుంటుంది. కుడివైపు దాని వెడల్పు, ఎత్తు, రంగు. ఆ బటన్ నొక్కితే ఏం జరగాలన్నది పక్క బల్ల దగ్గర ప్రోగ్రామర్ చూసుకుంటాడు. అతను పొద్దస్తమానం చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకునే ఉంటాడు కాబట్టి అందరూ అతన్ని హెడ్‌ఫోన్లనే పిలుస్తారు. పిలిచినా వినపడదు.

సోమవారం చేతికొచ్చిన ఈ స్క్రీన్ బట్టల ఫ్యాక్టరీవాళ్ళ యాప్‌లోకి. ఆ యాప్ మొత్తం ఆమె చేతి మీదుగా వచ్చిందే. హాజరు స్క్రీన్, సెలవు చీటీ స్క్రీన్, క్యాంటీన్ స్క్రీన్ అన్నీ ఆమె సర్దినవే. ఆమె తోడికోడలు, ఆ ఇంటి పెద్దకోడలు, ఆ ఫ్యాక్టరీలోనే కాలర్ల సెక్షన్‌లో కుట్టుపని చేస్తుంది. అందుకని ఈ యాప్ అంటే చిన్నకోడలికి కొంచెం ఎక్కువ ప్రీతి.

యజమాని కాగితం మీద గీసిచ్చింది చూసింది. పైన ఒక బొమ్మ, దాని కింద శీర్షిక, శీర్షిక కింద పేరా, అన్నిటికన్నా అడుగున ఒకే ఒక్క బటన్. దాని మీద 'సరే' అని ఉంది. అంతలో గ్లాసు కోసం యజమాని వెనక్కి వచ్చాడు.

"వెనక్కి వెళ్ళే బాణం వెయ్యలేదేం సార్?"

"వద్దన్నారు."

"మరి 'వద్దు' అనుకునేవాళ్ళకి?"

"వద్దనడానికి అందులో ఏముంటుంది? సమాచారం, అంతే. చదువుకుంటారు, సరే అంటారు. బొమ్మలో మాత్రం మనుషుల ముఖాలు ఉండకూడదట. ఏ చెట్టో మబ్బో చూసి పెట్టు."

మాటలు వచ్చేదాకా చోటు చూపించడానికి 'ఇక్కడ మాటలు వస్తాయి ఇక్కడ మాటలు వస్తాయి' అని పేరా నిండా నింపింది. అక్షరాలు పెద్దవి పెట్టింది. అక్కడి ఆడవాళ్ళు ఫోనును చెయ్యంత దూరం జరిపి చదవడం ఆమెకు తెలుసు. బటన్‌ను స్క్రీన్ వెడల్పంతా పరిచింది. సూది పోట్లు పడి మొద్దుబారిన వేలికి కూడా గురి తప్పకుండా దాని ఎత్తు పెంచింది. ఎరుపు కంగారు పెడుతుందని లేత ఆకుపచ్చ వేసింది. పరీక్షకు ఉంచిన పాత ఫోనులో తెరిచి, ఎడమచేత్తో ఒకసారి, కుడిచేత్తో ఒకసారి నొక్కి చూసుకుంది. ఎటునుంచి నొక్కినా హాయిగా అందుతోంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి పెద్దకోడలు అప్పుడే వచ్చి అరుగు మీద చెప్పులు విడుస్తోంది. అన్నదమ్ములిద్దరూ లారీ వేసుకుని వెళ్ళి వారమైంది. ఇంట్లో ఆడవాళ్ళు ముగ్గురే.

"చెల్లీ, నీకో కబురు. క్యాంటీన్ టీ గురించి నువ్వు పెట్టిన ఆ స్క్రీన్‌లో మావాళ్ళు ఫిర్యాదు నొక్కారా! మర్నాడే మనిషొచ్చి, 'ఏమైందమ్మా' అని అడిగి వెళ్ళాడట. ఇప్పుడు టీ టీలాగే ఉంది."

"అంతకుముందు ఎలా ఉండేదేం?" అంది అత్తగారు.

"గిన్నెలు కడిగిన నీళ్ళు వేడిచేసి పోసేవాళ్ళు అత్తయ్యా."

"మా చెల్లే చేసిందని టేబుల్ టేబుల్‌కీ చెప్పొచ్చాను," అంది పెద్దకోడలు మళ్ళీ, చిన్నకోడలి బుగ్గ గిల్లుతూ.

గురువారం మధ్యాహ్నం మాటలు వచ్చాయి.

హెడ్‌ఫోన్లు వాటిని తెచ్చి పేరా పెట్టెలో వేసిచ్చాడు. చోటు చాలలేదు. పేరా సాగి బటన్‌ను స్క్రీన్ అడుగుకు తోసేసింది. వేలితో పైకి జరిపితే తప్ప బటన్ కనిపించడం లేదు. అది కుదరదని, తెరవగానే బటన్ కనిపించాలని ఫ్యాక్టరీవాళ్ళు గట్టిగా చెప్పారట. చిన్నకోడలు అక్షరాలు ఒక మెట్టు తగ్గించింది. బటన్ సగం కనిపించింది. ఇంకో మెట్టు తగ్గించింది. వరసల మధ్య ఖాళీ తగ్గించింది. పని అయిపోయాక, తప్పులేమైనా దొర్లాయేమోనని అప్పుడు చదివింది.

'మీ విభాగాన్ని మూసివేస్తున్నాం. నేటితో మీ సేవలు ముగిశాయి. ఇన్నాళ్ళ మీ సహకారానికి కృతజ్ఞతలు. పై విషయాన్ని అంగీకరిస్తూ కింద నొక్కగలరు. నొక్కిన తర్వాతే మీకు రావలసిన కాగితాలు కదులుతాయి.'

ఎవరెవరి ఫోన్లలో ఈ స్క్రీన్ తెరుచుకోవాలో పక్కన రాసి ఉంది. కఫ్‌ల సెక్షన్, కాజాల సెక్షన్. వాటికన్నా ముందు, కాలర్ల సెక్షన్.

ఆమె చెయ్యి మౌస్ మీదే ఉండిపోయింది. ఎంతసేపు అలా ఉందో, కంప్యూటర్ దానంతటదే చీకటైపోయింది. యజమాని ఎప్పుడొచ్చాడో వెనక నిలబడి ఉన్నాడు.

"మీ తోడికోడలు అక్కడే కదూ," అన్నాడు. "నీకివ్వకూడదనే అనుకున్నాను. ఇంకెవరున్నారు చెప్పు ఈ పని తెలిసినవాళ్ళు?"

"ఎప్పుడు సార్ ఇది?"

"రేపు. విదేశీ ఆర్డరు ఒకటి నడుస్తోందట. ఆ లోడు గేటు దాటాక చెబుతారు, అప్పుడు దీన్ని వాళ్ళ ఫోన్లలోకి వదలాలి." ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. "బయట ఒక్క మాట పొక్కిందా, ఈ ఆఫీసుకి తాళం పడుతుంది. నిన్ను బెదిరించడం కాదు. నాకూ వేరే పని లేదు. వాళ్ళ పనే మన పని."

ఆమె తల ఊపింది. ఎందుకు ఊపిందో ఆమెకే తెలియలేదు.

ఆ సాయంత్రం పెద్దకోడలు కుడి మణికట్టు పట్టుకుని వచ్చింది. పొద్దున చీకటి విడవకముందే రమ్మన్నారు, మధ్యాహ్నం తిండికి కూడా లేవనివ్వలేదు. చిన్నకోడలు తువ్వాలు వేడినీళ్ళలో ముంచి పిండి, ఆ మణికట్టుకు చుట్టి కాపడం పెట్టింది. తువ్వాలు చల్లారినకొద్దీ మళ్ళీ ముంచింది. చెప్పేద్దామని మూడు సార్లు నోరు తెరిచింది.

"అక్కా, రేపు సెలవు పెట్టకూడదూ? చెయ్యి ఇలా ఉంటే..."

"రేపా? భలేదానివే. రేపు లోడు వెళ్ళాలి. సూపర్‌వైజరు వచ్చి దణ్ణం పెట్టినంత పని చేశాడు, కాలర్లు మీ చేతుల్లోనే ఉన్నాయమ్మా అని. ఇది గట్టెక్కితే మా సెక్షన్‌కి కొత్త మిషన్లు ఇస్తారట."

"ఎవరన్నారు?"

"అందరూ అంటున్నారు." పెద్దకోడలు కళ్ళు మూసుకుంది. "అబ్బ, ప్రాణం లేచొచ్చింది. ఇంకాస్త వేడి చెయ్యవే."

చిన్నకోడలు లేచింది. వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు పొయ్యి మీద పెట్టి, అవి కాగి పొంగి సగం ఆవిరైపోయేదాకా అక్కడే నిలబడింది.

శుక్రవారం యజమాని ఫ్యాక్టరీలోనే ఉండిపోయాడు. మధ్యాహ్నం దాటాక ఆయన ఫోను చేస్తే హెడ్‌ఫోన్లు ఎత్తాడు. విని పెట్టేసి, "లోడు వెళ్ళిందట. వదిలెయ్యమంటున్నారు," అన్నాడు.

"ఒక్క నిమిషం ఆగు."

ఆమె ఆ స్క్రీన్ తెరిచింది. ఎడమవైపు నుంచి ఇంకో బటన్ పట్టుకుని లాగి, 'సరే' కింద వదిలింది. నిలువు వరసలో అది తనకు తానే చోటు చేసుకుంది. పై బటన్ కాస్త పైకి జరిగింది, పేరా కాస్త ముడుచుకుంది. కొత్త బటన్ మీద ఏం రాయాలో ఆమె ఆలోచించలేదు. 'మాట్లాడాలి' అని కొట్టింది. నొక్కితే ఏం జరగాలో పెట్టడం ఆమెకు అంతగా రాదు. క్యాంటీన్ స్క్రీన్‌లో ఫిర్యాదు నొక్కితే 'మీతో మాట్లాడతాం' అని ఒక వరస వస్తుంది. ఆ వరసనే తెచ్చి ఇక్కడ అతికించింది.

హెడ్‌ఫోన్లు ఒక చెవిది తీశాడు.

"దీని వెనకాల ఏముంది?"

"'మీతో మాట్లాడతాం' అని వస్తుంది."

"ఆ తర్వాత?"

"తర్వాత... ఎవరో ఒకరు మాట్లాడతారు."

"ఎవరు?"

అతను కాసేపు స్క్రీన్‌ను చూశాడు. క్యాంటీన్ ఫిర్యాదు వెనకైతే ఒక మనిషి నంబరుంది. దీని వెనక ఏమీ లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. "నేను చూళ్ళేదు," అని చెవిది మళ్ళీ పెట్టుకుని, వదిలేశాడు.

యజమాని మెట్లెక్కే చప్పుడు వినిపించేసరికి పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు. ఆయన అరవలేదు. అరిస్తే బాగుండునని ఆమెకు అనిపించింది. తనే ఆమె కుర్చీలో కూర్చుని, 'మాట్లాడాలి' బటన్ మీద మౌస్ పెట్టి, తీసేశాడు. పేరా మళ్ళీ సాగింది. 'సరే' కిందికి దిగి తన చోట తను కూర్చుంది. హెడ్‌ఫోన్ల వైపు చెయ్యి ఊపితే అతను మళ్ళీ వదిలాడు.

"వాళ్ళ ముందు నా తల కొట్టేసినట్టయింది," అన్నాడు. "అది పోనీ. నువ్వు ఏం చేశావో తెలుసా? ఈపాటికి నొక్కినవాళ్ళు నొక్కేశారు. వాళ్ళ ఫోన్లలో 'మీతో మాట్లాడతాం' అని అలాగే ఉంటుంది. ఇళ్ళకెళ్ళి ఎదురుచూస్తూ కూర్చుంటారు. మంచి చేశాననుకుంటున్నావు కదూ?"

"ఎవరో ఒకరు మాట్లాడొచ్చు కదా సార్. రెండు మాటలు."

"ఎవరికి పట్టిందమ్మా?" ఆయన ముఖం తుడుచుకున్నాడు. "సోమవారం నువ్వు రావాలో వద్దో నేను ఫోను చేస్తాను."

ఇంటికి నడిచి వెళ్ళింది. దారి పొడుగునా పెద్దకోడలి ముఖం ఎలా ఉండబోతోందో ఊహించుకుంటూ, దానికి తగ్గట్టు తన ముఖం సిద్ధం చేసుకుంటూ వెళ్ళింది. తీరా గుమ్మం దాటితే, పెద్దకోడలు ఫోను చేతిలో పట్టుకుని అత్తగారి పక్కన నిటారుగా కూర్చుని ఉంది. ఏడ్చిన జాడ ఉంది గానీ ఏడుపు లేదు.

"వచ్చావా! ఏమన్నా నా చెల్లి చెల్లే అత్తయ్యా. గేటు బయటికి రాగానే అందరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. తీసి చూస్తే ఇది. ఒకావిడ అక్కడే కూలబడిపోయింది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అప్పుడు చూశాను, కింద 'మాట్లాడాలి' అని. నేనే గట్టిగా అరిచాను, ఎవ్వరూ సరే నొక్కకండి, మా చెల్లి ఊరికే పెట్టదు, దాన్ని నొక్కండి అని. మా సెక్షన్ సెక్షనంతా దాన్నే నొక్కాం."

చిన్నకోడలు వెనక్కి తిరిగి తలుపు దగ్గరగా వేసింది.

"ఎప్పుడు చేస్తారటే ఫోను?" అంది అత్తగారు.

"తెలీదు అత్తయ్యా," అంది చిన్నకోడలు.

"క్యాంటీన్‌కి మర్నాడే వచ్చారు," అంది పెద్దకోడలు. "రేపు చేస్తారు."

శనివారం పెద్దకోడలు పొద్దున్నే తయారై కూర్చుంది. పనికి వెళ్ళేటప్పటి బట్టలే కట్టుకుంది. ఫోను గంట పెద్దది చేసింది. స్నానానికి వెళ్తూ ఫోనును తలుపు దగ్గర పీట మీద పెట్టి, "మోగితే కొట్టు తలుపు, ఎలా ఉన్నా వస్తాను," అంది. గిన్నె తోముతూ ఆగి వినేది. రోడ్డు మీద ఎవరి ఫోనో మోగితే చెయ్యి తుడుచుకునేది. ఏం అడగాలో తనలో తను అనుకోవడం చిన్నకోడలికి వినపడుతూనే ఉంది. "ముందు నమస్కారం చెప్పాలి. కోపంగా మాట్లాడకూడదు. కోపంగా మాట్లాడితే పెట్టేస్తారు."

రెండు సార్లు మోగింది. ఒకసారి ఎవరో అప్పు ఇస్తామని. ఇంకోసారి పక్క మిషన్ ఆవిడ, మీకేమైనా ఫోను వచ్చిందా అని. పెద్దకోడలు ఆవిడతో, "వరసగా చేస్తారు కదా, ఇంతమందిమి. ఓపిక పట్టండి," అంది.

చిన్నకోడలు డాబా మెట్ల మీదికి వెళ్ళి ఫ్యాక్టరీ ఆఫీసుకు తనే ఫోను చేసింది. ఒకరు ఇంకొకరికి కలిపారు. ఇంకొకరు కాసేపు పాట వినిపించారు. చివరికి సిబ్బంది వ్యవహారాలు చూసే ఆవిడ దొరికింది. గొంతు చాలా మర్యాదగా ఉంది.

"ఆ బటన్ పొరపాటున వచ్చిందండీ. దాని మీద మా దగ్గర ఏ ఏర్పాటూ లేదు. మీవాళ్ళని సరే నొక్కెయ్యమనండి."

"ఒక్కసారి మీరు మాట్లాడితే..."

"నేనేం మాట్లాడతానండీ? నేను తీసుకున్న నిర్ణయం కాదు కదా."

"పోనీ తీసుకున్నవాళ్ళు?"

"వాళ్ళు ఈ ఊళ్ళో ఉండరు." ఆవిడ ఒక్క క్షణం ఆగింది. "సారీ అండీ," అని పెట్టేసింది.

చిన్నకోడలు ఆ మెట్ల మీదే కూర్చుంది. ఎదురింటి డాబా మీద ఎవరో దుప్పట్లు ఆరేస్తున్నారు. అవి గాలికి దబదబ కొట్టుకుంటున్నాయి. కిందికి వెళ్ళి చెప్పాలి. చెప్పలేదు. రాత్రి భోజనాల దగ్గర కూడా చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం పెద్దకోడలు చిరిగిన దిండు గలీబు ఒళ్ళో వేసుకుని చేత్తో కుడుతోంది. ఫోను మోకాలికి ఆనించి ఉంది. కుట్టు చిన్నగా, దగ్గరగా, ఒకే తీరుగా పడుతోంది. అత్తగారు మంచం మీద కునుకు తీస్తోంది.

"అక్కా, వాళ్ళు ఫోను చెయ్యరు."

సూది ఆగలేదు.

"ఆ బటన్ వాళ్ళు పెట్టమంది కాదు. వాళ్ళకి తెలీదు. నేనే పెట్టాను. తెలిశాక తీయించేశారు. నిన్న నేను ఫోను చేసి అడిగాను. ఎవ్వరూ మాట్లాడరట."

పెద్దకోడలు కుట్టు చివరిదాకా వెళ్ళి, ముడి వేసి, దారం పంటితో తెంపింది. గలీబు మడిచి పక్కన పెట్టింది.

"'మీతో మాట్లాడతాం' అని రాసింది?"

"నేనే."

"ఆ మాట నమ్మే కదే అందరినీ ఓపిక పట్టమన్నాను."

"తెలుసక్కా."

"ఏమని చెప్పను నేనిప్పుడు వాళ్ళకి?"

చిన్నకోడలు తలవంచుకుని నేల మీద దారపు ముక్క ఏరుతూ ఉండిపోయింది. పెద్దకోడలు చాలాసేపు ఆమెనే చూసింది. తిట్టిపోస్తుందని, లేచి వెళ్ళిపోతుందని, ఇంట్లో ఇక మాటలుండవని చిన్నకోడలు అనుకుంటూ ఉంది. పెద్దకోడలు ఎదురుగా ఉన్న పీటను కాలితో జరిపింది.

"కూర్చో."

కూర్చుంది.

"మాట్లాడతామన్నది నువ్వే కదా. మాట్లాడు. నాకు తెలియాల్సినవి అడుగుతాను. మా సెక్షన్ మూసేస్తారని వాళ్ళకి ఎప్పటినుంచి తెలుసు?"

"సోమవారమే ఆ స్క్రీన్ చెయ్యమన్నారు. అంతకు చాలా ముందే తెలిసుంటుంది."

"అంటే లోడు కోసం ఆగారు."

"అవును. గేటు దాటాకే వదలమన్నారు."

"కొత్త మిషన్లు?"

"ఉత్త మాటే అయ్యుంటుందక్కా."

పెద్దకోడలు తల ఊపింది. చేతులు ఒళ్ళో ఒకదాని మీద ఒకటి పెట్టుకుంది.

"నీకు ఎప్పుడు తెలుసు?"

"గురువారం."

"గురువారం," అంది పెద్దకోడలు. "గురువారం నా చేతికి కాపడం పెట్టావు."

"అవును."

"తెలిసే పెట్టావు."

"అవునక్కా."

అత్తగారు ఎప్పుడు లేచిందో మంచం మీద లేచి కూర్చుని ఉంది. గదిలో పంకా ఒక్కటే తిరుగుతోంది. పెద్దకోడలి కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు. గొంతు మాత్రం మారలేదు.

"ముందే చెప్పుంటే మానేసేదాన్ని కాదేమో. ఆ లోడు పూర్తి చేసే వచ్చేదాన్నేమో. కానీ తెలిసి కుట్టేదాన్ని కదే."

పెద్దకోడలు ముఖం కడుక్కుని వచ్చి, ఫోను తీసుకుంది. కంపెనీ స్క్రీన్ పక్కకి నెట్టి, పక్క మిషన్ ఆవిడకి ఫోను కలిపింది.

"కంపెనీ నుంచి ఎవరూ చెయ్యరు. అవును, నిజమే. మా ఇంటికి రండి. కొంచెం సంగతి తెలిసిన మనిషి ఇక్కడుంది. మీరూ అడుగుదురు గాని. ఆ కాజాల ఆవిణ్ణి కూడా తీసుకురండి."

"అక్కా, నాకేం తెలుసని?"

"ఇందాక నాకు చెప్పావు చూడు. అంత తెలుసు."

"రేపు నా ఉద్యోగం కూడా..."

"పోవచ్చు," అంది పెద్దకోడలు. ఆ మాటలో కసి లేదు, జాలి కూడా లేదు. "పోతుందని నీకు ముందే తెలుసు. అదృష్టవంతురాలివి."

అలా ఒక్కొక్కరూ రావడం మొదలుపెట్టారు. కొందరు ఒక్కళ్ళే వచ్చారు, కొందరు ఇద్దరేసి వచ్చారు. గుమ్మం దగ్గర చెప్పులు పేరుకున్నాయి. గది చాలక మంచం నిలబెట్టి గోడకు ఆనించారు. అత్తగారు అందరికీ మంచినీళ్ళు ఇచ్చి, తను వంటింటి గడప మీద కూర్చుంది. వచ్చినవాళ్ళు చిన్నకోడలిని చూసి, కళ్ళు తిప్పేసుకుని, మళ్ళీ చూశారు. ఆమె సోమవారం నుంచి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఎవరూ ఓదార్చలేదు, ఎవరూ తిట్టలేదు.

"అడగండి," అంది పెద్దకోడలు. "ఎవరు ముందు అడుగుతారు?"

తలుపు దగ్గర నిలబడ్డ పెద్దావిడ, లోపలికి చోటు లేక ఒక కాలు గుమ్మం బయటే ఉంచుకున్నావిడ, కదిలింది.

"నేను అడిగేదేం లేదు తల్లీ. అడిగితే మాత్రం ఏమొస్తుంది? చెప్పుకోవాలని నొక్కాను. వినేవాళ్ళు ఉన్నారా?"

పెద్దకోడలు చిన్నకోడలి వైపు చూసింది.

చిన్నకోడలు పీట మీది నుంచి లేచి, ఆ పీట ఆవిడకు జరిపి, తను కింద నేల మీద కూర్చుంది.